తెల్లబియ్యము తిన్న కోళ్ళు

మన యిండ్లలో వడ్లు దంచుకొన్న రోజులలో రోటి చుట్టును కోళ్ళు మూగుట పెద్దవారందరును ఎరిగిన దృశ్యమే. రోకలి పోటునకు ఎగిరిపడిన గింజ కొరకు ఒకటి, చేట అంచున జారిన నూక కొరకు ఒకటి, తవుడు కొరకు నాలుగైదు కాచుకొని యుండును. ఇల్లాలు చేయి విసరిన రెండడుగులు వెనుకకు పోవును. ఆమె మరల రోకలి యెత్తగానే మూడడుగులు ముందుకు వచ్చును. చెరుగుట ముగిసిన తరువాత బియ్యము కుండలోనికి, తవుడు కుడితి తొట్టిలోనికి, కోళ్ళ ముందరికి పోవును. మనుష్యునకు బియ్యము, పశువులకును కోళ్ళకును తవుడు. ఈ పంపకము మిక్కిలి ప్రాతది. ఇందులో మంచిపాలు ఎవరికి దక్కినదని చిరకాలము ఎవ్వరును అడుగలేదు. తుదకు ఆ ప్రశ్నకు సమాధానము చెప్పినవి కోళ్ళే. అదియు మన దేశమున గాదు, జావా ద్వీపములో.

కోళ్ళ దాణాలో వాడు దినుసులను దంచుట, మరపట్టుట, ఉడికించుట, నూనె తీయుట మొదలైన పనులు వాటి పోషక విలువను ఎట్లు మార్చునో నేడు పశువైద్య కళాశాలలలో పాఠముగా చెప్పుచున్నారు. ఆ పాఠమునకు మొదటి పుట ఒక సైనిక వైద్యశాల దొడ్డిలో వ్రాయబడినది. వ్రాసిన డాక్టరు తాను వ్రాయుచున్నది అదియని చాలకాలము తెలిసికొనలేదు.

పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశలలో జావా, సుమత్రా దీవులు డచ్చివారి యేలుబడిలో ఉండెను. మచిలీపట్టణములోను పులికాటులోను వర్తకము చేసి, మన పూర్వులచే ఒలందావారని పిలువబడిన వారే వీరు. సుమత్రా ఉత్తర భాగమున ఆచే రాజ్యముతో 1873లో ప్రారంభమైన యుద్ధము ఏండ్ల తరబడి సాగినది. ఆ యుద్ధములో తుపాకి గుండ్లతో పాటు మరియొక శత్రువు సైనికులను పడగొట్టుచుండెను. మొదట కాళ్ళు తిమ్మిరెక్కును. తరువాత నడక తడబడును. కొందరికి ఒళ్ళంతయు నీరు పట్టును. గుండె అలసిపోయి మనుష్యుడు హఠాత్తుగా మరణించును. దీనికి బెరిబెరి యని పేరు. పటాలములలో, ఓడలలో, చెరసాలలలో, అనగా పదిమందికి ఒకేచోట వంట జరుగు తావులలో ఇది హెచ్చుగా కనబడుచుండెను. ఈ చివరి మాటను గుర్తుంచుకొనవలెను. ఆనాటి వైద్యులకు ఇందులో వంట కనబడలేదు, జనసమ్మర్దము మాత్రమే కనబడినది.

అట్లు కనబడుటలో వింత లేదు. రాబర్టు కోహ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1882లో క్షయ క్రిమిని, ఆ వెంటనే కలరా క్రిమిని పట్టియిచ్చి యుండెను. ప్రతి వ్యాధికిని ఒక క్రిమి యుండి తీరవలెనని వైద్యలోకము నమ్మిన కాలమది. 1886లో డచ్చి ప్రభుత్వము పెకెల్హారింగ్, వింక్లర్ అను ఇద్దరు పండితులను బెరిబెరి క్రిమిని వెదకుటకై పంపినది. వారికి తోడుగా వెళ్ళిన యువకుడు క్రిస్టియాన్ ఐక్మన్. 1858లో జన్మించిన ఈ సైనిక వైద్యుడు ఒకసారి తూర్పుదీవులలో పనిచేసి, మలేరియాతో స్వదేశమునకు మరలి, భార్యను పోగొట్టుకొని, బెర్లినులో కోహ్ వద్ద క్రిమిశాస్త్రము నేర్చుకొనుచుండెను. పెద్దలిద్దరును కొంతకాలము పనిచేసి, ఏదో సూక్ష్మక్రిమి దొరకినట్లే భావించి, స్వదేశమునకు వెళ్ళిపోయిరి. మిగిలిన పనిని పూర్తి చేయుటకు ఐక్మనును బటేవియాలో ఉంచిరి. బటేవియా యనగా నేటి జకార్తా. 1888లో, వెల్తెవ్రేదెన్ పేటలోని సైనిక వైద్యశాలలో నెలకొల్పిన చిన్న ప్రయోగశాలకు ఆయన అధిపతి యయ్యెను.

ప్రయోగములకు జంతువులు కావలెను. కుందేళ్ళు, కోతులు వాడి చూచిన తరువాత ఐక్మన్ కోళ్ళను తెప్పించెను. వాటి వెల తక్కువ, పోషణ సులభము. రోగుల రక్తమునుండి తీసిన పదార్థమును కొన్ని కోళ్ళకు ఎక్కించి, మరికొన్నిటిని పోల్చి చూచుటకై ఊరక ఉంచెను. 1889 జూలై 10వ తేదీన కోళ్ళ గూటిలో వ్యాధి పొడసూపినది. కోడి నడక తడబడును. దండెము మీద నిలువలేక జారిపడును. కొద్ది దినములలో మోకాళ్ళు ముడిచి కూలబడి, ఒక ప్రక్కకు ఒరిగి, మెడ వెనుకకు విరుచుకొని, ఊపిరి మందగించి చచ్చును. సూక్ష్మదర్శినిలో చూడగా నరములు చెడియుండెను. బెరిబెరి రోగి నరములను ఐక్మన్ అదివరకే చూచి యుండెను. ఈ పోలిక ఆయనను ఎంత ఉప్పొంగించి యుండునో ఊహింపవచ్చును.

అయితే ఒక చిక్కు వచ్చి పడినది. మందు ఎక్కించిన కోళ్ళకే గాదు, ఎక్కించని వానికిని అదే వ్యాధి వచ్చినది. అంటు సోకినదేమో యని క్రొత్త కోళ్ళను వేరుగా ఉంచిరి. వానికిని వచ్చినది. ఎవరికిని ఏమియు పాలుపోకుండగనే నవంబరు మాసాంతమునకు వ్యాధి తనంత తానే తొలగిపోయెను. పడియున్న కోళ్ళు లేచి తిరుగజొచ్చినవి. ఇక ఎన్ని సూదులు పొడిచినను జబ్బు చేయదు.

ఇటువంటి సమయమున సామాన్యుడైనచో ప్రయోగము చెడిపోయినదని పుస్తకము మూసివేయును. ఐక్మన్ కోళ్ళకు మేత వేయు మనిషిని పిలిచి ఆరా తీసెను. అప్పుడు తెలిసిన సంగతి యిది. ప్రయోగశాల సేవకుడు ఖర్చు తగ్గించుటకై వైద్యశాల వంటయింటిలో మిగిలిన అన్నమును తెచ్చి కోళ్ళకు పెట్టుచుండెను. రోగులకు వండునది మరపట్టి పాలిషు పెట్టిన మేలిరకపు తెల్లబియ్యము. కొంతకాలమునకు వంటవాడు మారినాడు. క్రొత్తగా వచ్చినవాడు నియమము తప్పనివాడు. సైన్యపు బియ్యమును సైన్యమునకు చెందని కోళ్ళకు ఇచ్చుటకు వీలులేదని అతడు ఖండితముగా చెప్పెను. గత్యంతరము లేక కోళ్ళకు మరల ముతకబియ్యమే కొనిరి. తేదీలు సరిచూడగా, కోళ్ళు తెల్లన్నము తిన్నది జూన్ 17 మొదలు నవంబరు 27 వరకు. వ్యాధి వచ్చినది జూలైలో, పోయినది నవంబరు చివర. ఐక్మన్ ఈ కథను నలువది యేండ్ల తరువాత తన నోబెల్ ఉపన్యాసములో తానే చెప్పుకొనెను. కార్యాలయ నిబంధనల నడుమ దినము గడుపు నావంటి వారికి ఈ భాగము చదివినప్పుడెల్ల నవ్వు వచ్చును. ఒక నిబంధనను అక్షరాలా పాటించుట వలన లోకమునకు ఇంత మేలు కలిగిన సందర్భములు అరుదు.

యాదృచ్ఛికముగా దొరకిన ఈ సూచనను ఐక్మన్ ప్రయోగముగా మార్చెను. వడ్లగింజ కట్టడి మనకు తెలిసినదే. పైన ఊక; దాని లోపల పలుచని పొర, ఒక మూల మొలక; వానికి లోపల తెల్లని గింజ. ఊక మాత్రమే తీసినచో ముడిబియ్యము. పొరను, మొలకను కూడ గీకివేసినచో తెల్లబియ్యము. గీకగా వచ్చినది తవుడు. డచ్చివారు ఆ పొరకు వెండిపొర యను అందమైన పేరు పెట్టిరి. ఐక్మన్ ఒక గుంపు కోళ్ళకు తెల్లబియ్యము, మరియొక గుంపునకు వెండిపొరతో కూడిన ముడిబియ్యము పెట్టించెను. తెల్లబియ్యము తిన్నవి మూడు నాలుగు వారములలో పడిపోయినవి. ముడిబియ్యము తిన్నవి సుఖముగా ఉన్నవి. పడిన కోళ్ళకు తవుడు తినిపించిన అవి లేచినవి. ఒకే పొలములో పండిన ధాన్యము, ఒకే కోడి; మధ్యలో మర చేసిన పని యొక్కటే భేదము.

కోడికి వచ్చినది మనుష్యునకును వర్తించునా? ఐక్మన్ 1895లో ఈ సంగతిని జావా వైద్య పర్యవేక్షకుడు ఫోర్డర్మన్ చెవిని వేసెను. జావా, మధురా దీవులలోని చెరసాలలలో ఒక్కొక్కచోట ఒక్కొక్క విధమైన బియ్యము వాడుకలో ఉండెను. కొన్నిచోట్ల స్థానికులు దంచిన ముడిబియ్యము, కొన్నిచోట్ల ఆవిరిమరలలో పాలిషు పెట్టిన బియ్యము, కొన్నిచోట్ల రెండును కలిపినది. ఖైదీలకు ఎంచుకొను స్వాతంత్ర్యము లేదు గనుక, పాపము, వారు తెలియకయే ఒక మహాప్రయోగములో భాగస్థులైరి. ఫోర్డర్మన్ 101 చెరసాలల లెక్కలు తీసెను. ఖైదీల సంఖ్య సుమారు 2,80,000. ముడిబియ్యము పెట్టుచోట్ల పదివేలమందిలో ఒకరికి బెరిబెరి. మిశ్రమము పెట్టుచోట్ల 416 మందిలో ఒకరికి. తెల్లబియ్యము పెట్టుచోట్ల 39 మందిలో ఒకరికి. ఆయన అంతటితో ఆగలేదు. కట్టడము ప్రాతదా క్రొత్తదా, గాలి వచ్చునా రాదా, నేల చెమ్మగలదా, జనము క్రిక్కిరిసి యున్నారా అని అన్నిటిని విడివిడిగా పరిశీలించి, వానిలో దేనికిని ఈ వ్యాధితో చెప్పుకోదగిన సంబంధము లేదని తేల్చెను. ఈ నివేదిక 1897లో వెలువడినది. అయినను చాలమంది వైద్యులు నమ్మలేదు. క్రిమిని వదలుకొనుట వారికి అంత సులభము కాలేదు.

ఐక్మన్ కూడ దానిని పూర్తిగా వదలలేదని చెప్పవలెను. తెల్లబియ్యములోని పిండిపదార్థము కడుపులో ఒక విషమును పుట్టించుననియు, వెండిపొరలో దానికి విరుగుడు కలదనియు ఆయన ఊహించెను. ఉన్నదానివలన జబ్బు వచ్చుననుట అందరికిని తోచును; లేనిదాని వలన వచ్చుననుట ఆ తరమునకు తోచలేదు. అనారోగ్యముతో ఆయన 1896లో స్వదేశమునకు మరలెను. ఆయన స్థానమున పని సాగించిన గెరిట్ గ్రైన్స్ 1901లో అసలు మాట చెప్పెను. తెల్లబియ్యములో విషము లేదు. నరములకు అవసరమైన ఏదో ఒక పదార్థము లేదు. మాంసకృత్తులు, క్రొవ్వు, పిండి, లవణములు అన్నియు సరిపోయినను ఆ స్వల్పపదార్థము లేనిదే ప్రాణి నిలువదు. ఈ నిర్ణయమునకు ఆయనకు తోడ్పడినది మనకందరకు చిరపరిచితమైన పెసలు. తెల్లబియ్యముతో పాటు పెసలు తిన్న కోళ్ళు పడిపోలేదు.

గ్రైన్స్ చేసిన మరియొక పరీక్ష మన విషయమునకు మరింత దగ్గరది. మాంసము తిన్న కోడికి ఈ వ్యాధి రాదు. అదే మాంసమును మూసిన పాత్రలో ఆవిరి ఒత్తిడితో 120 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేసి పెట్టగా, కోళ్ళు పడిపోయినవి. తూకము తగ్గలేదు, చూపునకు చెడలేదు, కాని ప్రాణాధారమైన దేదో ఆ వేడికి నశించినది. మేతదినుసు విలువ దాని పేరులో గాని తూకములో గాని లేదనియు, అది నోటికి చేరులోపల దానికి జరిగిన సంస్కారములో ఉన్నదనియు ఇంత స్పష్టముగా చూపిన పరీక్ష అంతకు ముందు లేదనవచ్చును. మర గీకుట వలన పోగొట్టినది. నిప్పు కాల్చుట వలన పోగొట్టినది. పోయిన వస్తువు ఒక్కటే.

ఆ వస్తువును పట్టుటకు తరువాత పాతికేండ్లు పట్టెను. జపానులో సుజుకి, లండనులో కాసిమిర్ ఫుంక్ తవుడునుండి సారము తీసిరి. 1912లో ఫుంక్ దానికి విటమిన్ అను పేరు కల్పించెను. 1926లో యాన్సెన్, డోనాట్ అను వారు బటేవియాలో, ఐక్మన్ పనిచేసిన ఆ ప్రయోగశాలలోనే, సుమారు 300 కిలోల తవుడునుండి 100 మిల్లీగ్రాముల స్ఫటికములను వేరుచేసిరి. అదియే నేడు థయామిన్ అని, బి1 విటమిన్ అని చెప్పుకొనునది. 1929లో ఐక్మన్ కు హాప్కిన్స్ తో పాటు నోబెల్ బహుమానము లభించినది. అప్పటికి ఆయన రోగపీడితుడై స్టాక్‌హోమునకు వెళ్ళజాలకపోయెను. మరుసటి సంవత్సరమే మరణించెను.

ఈ కథ చివరి ఘట్టములో తెలుగుదేశమునకు ఒక చుట్టరికము కలదు. థయామిన్ నిర్మాణమును కనుగొని 1936లో దానిని ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికను రసాయనికుడు రాబర్టు విలియమ్స్ 1886లో నెల్లూరులో పుట్టెను. తల్లిదండ్రులు బాప్టిస్టు మిషనరీలు. మొలకొలుకుల బియ్యమునకు పేరుపొందిన సీమలో పుట్టినవాడు బియ్యపు వ్యాధికి మందు చేయుట కాకతాళీయమే కావచ్చును; చెప్పుకొనుటకు మాత్రము బాగుండును. 1910లో ఆయన మనీలాలో ఉద్యోగము చేయుచుండగా, వెడ్డర్ అను సైనిక వైద్యుడు తవుడు సారమును ఆయన చేతికిచ్చి, ఇందులో బెరిబెరిని మాన్పు వస్తువేదో తేల్చుమని కోరెను. చావుబ్రతుకుల నడుమనున్న పసిబిడ్డలు ఆ సారము నాలుకపై పడినంతట తేరుకొనుట విలియమ్స్ కన్నులార చూచెను. ఆ తరువాత అమెరికాలో బెల్ టెలిఫోను ప్రయోగశాలలలో రసాయన విభాగమునకు అధిపతియై, పగలు తీగెల తొడుగులు, రబ్బరు మొదలగు పనులు చూచుకొనుచు, సాయంకాలములు, సెలవు దినములు తవుడునకు ధారపోసెను. మాటను దూరమునకు చేర్చు వృత్తిలో ఉన్న మావంటి వారికి ఆయన పేరు మరియొక కారణమున గూడ దగ్గరిది.

ఇంతకును బెరిబెరి జావాకే పరిమితమైన కథ కాదు. 1835లోనే మాల్కమ్సన్ అను వైద్యుడు మద్రాసులో ఈ వ్యాధిని గురించి గ్రంథము ప్రకటించుచు, ఉత్తర సర్కారులలో ఇది ప్రబలియుండుటను వర్ణించెను. ఉత్తర సర్కారులనగా గంజాము మొదలు గుంటూరు వరకు గల మన కోస్తా. 1924లో మెకారిసన్, నారిస్ అనువారు భారతదేశములో బియ్యమునకును బెరిబెరికిని గల సంబంధమును గూర్చి పరిశోధన గ్రంథము వెలువరించిరి. మెకారిసన్ కూనూరులో కోళ్ళకు బదులు పావురములను పెంచి, తెల్లబియ్యము పెట్టి, వానికి వచ్చు వ్యాధిని ఏండ్ల తరబడి పరిశీలించెను. ఆయన స్థాపించిన ఆ సంస్థయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థ యైనది. మెకారిసన్ తరువాత అధిపతియైన ఆక్రాయిడ్, ఆయన సహచరులు 1940లో ప్రకటించిన నివేదికలో, దేశములో బెరిబెరి పాతుకొన్న ప్రాంతము ప్రధానముగా ఉత్తర సర్కారులేయని చెప్పిరి.

దక్షిణమున తమిళులును బియ్యమే తినుచుండిరి గదా, వారికేల రాలేదు? వారు వాడినది ఎక్కువగా ఉప్పుడు బియ్యము. వడ్లను నానబెట్టి, ఆవిరిపట్టి, ఎండబెట్టి, ఆ తరువాత దంచుట గాని మరపట్టుట గాని ఈ పద్ధతి. నానినప్పుడు, ఉడికినప్పుడు పొరలోని విటమిను గింజ లోనికి ఇంకును. తరువాత మర ఎంత గీకినను దానిలో కొంత గింజను విడువదు. మనవారు పచ్చిబియ్యము తినువారు. రోకటితో దంచుకొన్నంత కాలము పొర కొంత మిగిలి కాపాడినది. ఊరూర మరలు వచ్చిన తరువాత ఆ రక్షణ తగ్గినది. బియ్యమును పలుమార్లు కడుగుట, గంజి వార్చి పారబోయుట మిగిలినదానిని కూడ తీసికొనిపోయినవి. 1905లో కౌలాలంపూరు పిచ్చాసుపత్రిలో ఫ్లెచర్ అను డాక్టరు రోగులను రెండు భాగములు చేసి, సగము మందికి ఉప్పుడు బియ్యము, సగము మందికి పచ్చి తెల్లబియ్యము పెట్టించి ఈ భేదమునే నిరూపించెను. ఏ పేరుతో పిలిచినను అందులో ప్రాణములు పోయినవి. చదువునప్పుడు మనసు కలుక్కుమనును.

ఇక లెక్క చూతము. కిలో పాలిషుబియ్యములో థయామిన్ సుమారు 0.7 మిల్లీగ్రాములు. ముడిబియ్యములో సుమారు 4. తవుడులో 25 కంటె ఎక్కువ. పెరుగుచున్న కోడిపిల్లకు కిలో మేతలో 1.8 మిల్లీగ్రాములు ఉండవలెనని నేటి ప్రమాణము. ఈ నాలుగంకెలు ఐక్మన్ చేతిలో ఉండినచో ఆయనకు ఏడేండ్ల శ్రమ తప్పియుండెడిది. రోటి దగ్గరి పంపకములో, ఈ విటమిను మట్టుకు, కోళ్ళకే మంచిపాలు దక్కినదని కూడ తేలినది.

అయితే తవుడును ఆకాశమునకు ఎత్తుట న్యాయము కాదు. తవుడులో నూనె హెచ్చు. నూటికి పదునైదు నుండి ఇరువది పాళ్ళ వరకు ఉండును. గింజమీద ఉన్నంతవరకు అది క్షేమము. మరలో గీకుటతోడనే, అదే పొరలోని ఒక ఎంజైము నూనెను విడగొట్టుట ప్రారంభించును. కొలది దినములకే తవుడు కనరెక్కును. నిలువయున్న తవుడు ముక్కుకు తగిలిన కోడి మూతి త్రిప్పుకొనుట పెంపకందార్లకు తెలిసినదే. మరియు పచ్చితవుడు మేతలో మితిమీరిన కోడిపిల్లల పెరుగుదల మందగించునని, అదే తవుడును ఆవిరితో వేడిచేసి పెట్టిన మెరుగుపడునని తరువాతి పరిశోధనలు చూపినవి. జావాలో వేడి శత్రువు. ఇక్కడ వేడి మిత్రము. మిల్లులలో నూనె తీసిన తవుడు కనరెక్కకుండ ఎక్కువకాలము నిలుచును. కాని నూనెతో పాటు శక్తి తగ్గును గనుక దాణా కూర్చువారు ఆ లోటు వేరొకదానితో పూడ్చుకొనవలెను.

వేడి మిత్రమగుటకు పెద్ద ఉదాహరణము సోయాచిక్కుడు. 1917లో అమెరికాలో ఆస్బర్న్, మెండెల్ అనువారు పచ్చిసోయా తిన్న ఎలుకలు పెరుగలేదనియు, ఉడికించిన సోయా తిన్నవి చక్కగా పెరిగినవనియు చూపిరి. మాంసకృత్తులు రెండింటను సమానమే. కారణము 1940 తరువాత గాని స్పష్టపడలేదు. పచ్చిగింజలో మాంసకృత్తుల జీర్ణమును అడ్డగించు పదార్థములు కలవు. 1945లో కునిట్జ్ అట్టి దానిని స్ఫటికరూపమున వేరుచేసెను. పచ్చిసోయా తిన్న కోడిపిల్లలో క్లోమగ్రంథి పాపము ఎక్కువ రసము నూరుటకై ఉబ్బిపోవును. వేడి తగిలిన ఆ అడ్డు తొలగును. నేడు మన కోళ్ళ పరిశ్రమకు మొక్కజొన్న తరువాత ఆధారము ఈ సోయాపిండియే. పిండి తగినంత వేగినదో లేదో తెలిసికొనుటకు యూరియేస్ అను ఎంజైము ఎంత మిగిలియున్నదో పరీక్షింతురు. అది మిగిలియున్న అడ్డు కూడ మిగిలినట్లే.

మరి వేడి మితిమీరినచో? పిండి ఎర్రబడును. మంచి వాసన వచ్చును. కాని కోడికి ముఖ్యావసరమైన లైసిన్ అను ఆమ్లము చక్కెరలతో పెనవేసుకొని జీర్ణమునకు అందకుండ పోవును. విశ్లేషణ పత్రమున మాంసకృత్తుల శాతము మాత్రము చెక్కుచెదరదు. కాగితము మీద కోడికి విందు, కడుపులో పస్తు. చేపపొడి విషయములో ఇంతకంటె ఘోరము జరిగినది. అతిగా కాల్చిన కొన్ని చేపపొడులు తిన్న కోడిపిల్లలకు కందనకాయలో పుండ్లు పడి, నల్లగా కక్కి చచ్చుచుండెను. ఆ వేడిలో పుట్టు క్రొత్త విషమును 1983లో జపానువారు గుర్తించి గిజ్జెరోసిన్ అని పేరు పెట్టిరి. కనుక ఐక్మన్ ఊహించిన విషము బియ్యములో లేకపోయినను, మేతను వండుటలో విషము పుట్టుట అసంభవము కాదని తేలినది. తప్పు ఊహకు కూడ ఎక్కడనో ఒక చోటు దొరకినది!

ఏ సంస్కారమునకును లొంగనివియు కలవు. మన రైతులకు చిరకాలముగా పరిచయమున్న వేరుశెనగ చెక్క బలమైన మేత. 1960లో ఇంగ్లండులో లక్షకు మించిన టర్కీకోళ్ళు మూకుమ్మడిగా చచ్చినప్పుడు, మూలము బ్రెజిలునుండి వచ్చిన వేరుశెనగ పిండిలో దొరకినది. గింజకు పట్టిన బూజు విడిచిన అఫ్లటాక్సిన్ అను విషమది. నూనె గానుగలో అది ఎక్కువగా నూనెతో పోక చెక్కలోనే నిలిచిపోవును. వంటయింటి వేడికి నశింపదు. ఇక్కడ మరయు నిప్పును చేయగలిగినది స్వల్పము. కాయ పెరికిన నాడే బాగుగ ఎండబెట్టుట యొక్కటే దారి.

ఇప్పుడు పెద్ద దాణా మిల్లులలో పొడి దాణాకు ఆవిరిపట్టి, అచ్చుల గుండ త్రోసి గుళికలుగా చేయుదురు. ఆవిరి వలన క్రిములు తగ్గును, పిండి బాగుగ జీర్ణమగును. విటమిన్లు కొంత పోవును. పోవునని తెలిసియే ముందుగా విటమిన్ల మిశ్రమమును కలుపుదురు. ఆ మిశ్రమములో థయామిన్ కూడ ఒకటి. టన్ను మేతలో ఉండవలసినది రెండు గ్రాములకు లోపు, చిటికెడు తెల్లనిపొడి. అది తవుడునుండి తీసినది కాదు. నెల్లూరులో పుట్టిన విలియమ్స్ త్రోవ చూపిన విధమున కర్మాగారములో తయారైనది.